వేడినీళ్ళు రావు

మా పాటల బృందానికి ఆ పేరు మేం పెట్టుకున్నది కాదు, మా మెట్లదారి తలుపుకి అంటించిన కాగితం పెట్టింది. ఏటా ఎండాకాలం మొహం చూపించగానే గొట్టాల మరమ్మతు అని చెప్పి సైబీరియాలోని మా బర్నవూల్ ఊళ్ళో పేట పేటకీ వేడినీళ్ళు ఆపేస్తారు. ఆ కాగితం మీద తేదీ ఉండదు, కారణం ఉండదు, ఎవరి పేరూ ఉండదు. "వేడినీళ్ళు రావు" అన్న ఒక్క ముక్క ఉంటుంది. మా తమ్ముడు రోద్యొన్ దాన్ని పీకి తెచ్చి వంటింటి గోడకి అంటించాడు.

"చూశావా అక్కా, గవర్నమెంటు మనతో ఇంత నిజాయితీగా ఇంకెప్పుడూ మాట్లాడలేదు" అన్నాడు.

అప్పట్నుంచి మేం 'వేడినీళ్ళు రావు' అయ్యాం.

మేం అంటే ముగ్గురం. మేం రోద్కా అని పిలిచే మా తమ్ముడొకడు, వాడి చిన్ననాటి నేస్తం వెన్కా ఒకడు, నేనొకదాన్ని. వెన్కా ట్రాం డిపోలో పని నేర్చుకుంటుండేవాడు. రోద్కా రొట్టెల ఫ్యాక్టరీలో బండ్లకి ఎత్తేవాడు. తెల్లారకముందే పోయి పదకొండింటికల్లా వొళ్ళంతా రై రొట్టె వాసనతో వచ్చేవాడు. నేను పసిపిల్లల బడిలో పియానో మీద పాటలు నేర్పేదాన్ని, మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక నా పని అయిపోయేది. నాకప్పుడు ఇరవై ఆరు, రోద్కాకి ఇరవై ఒకటి. పంక్ పాటలకి నేను కాస్త ముదురు. కానీ మా వాళ్ళిద్దరికీ తాళం నిలవదు, నాకు నిలుస్తుంది. బడి నుంచి తెచ్చిన పిల్లల డోలు ఒకటి, అట్ట సూట్‌కేసు ఒకటి పెట్టుకుని బాదేదాన్ని. గిటారు తీగ పాత రేడియోలోకి దూర్చితే అదే మా లౌడ్‌స్పీకరు. నాన్న సాయంత్రం ఐదింటికి గానీ ఫ్యాక్టరీ నుంచి రాడు. అమ్మ లేదు. అంచేత మా కచేరీలన్నీ పట్టపగలే, వంటింట్లోనే.

ఇదంతా 1986 సంగతి. ఓబ్ నది మీద మంచు పగిలిన ఏప్రిల్ నుంచి బంగాళాదుంపలు తవ్వే సెప్టెంబరు దాకా, ఆ ఒక్క ఎండాకాలం.

మాలో నాయకుడంటూ ఎవడూ లేడు. అది రోద్కా పట్టుబట్టి తెచ్చిన పద్ధతి. ఈ వారం గిటారు పట్టినవాడు వచ్చే వారం సూట్‌కేసు బాదాలి. ముగ్గురికీ నచ్చితేనే పాట, ఒక్కరు తల అడ్డంగా ఊపినా లేదు.

"ఇద్దరం సరేనంటే చాలదా?" అని వెన్కా దెబ్బలాడేవాడు.

"ఇద్దరు కలిసి ఒకణ్ణి నొక్కేస్తే అదీ పెత్తనమేరా."

"నీ లెక్కన పోతే మనం ముసలాళ్ళమయ్యేసరికి రెండు పాటలుంటాయి."

"ఆ రెండూ మనవే అయ్యుంటాయి" అనేవాడు రోద్కా.

ఎవరో ఎప్పుడో రాసిన వ్యాసాల్ని పల్చటి కాగితం మీద టైపు కొట్టిన కట్ట ఒకటి చేతులు మారి మారి వాడి దగ్గరికి చేరింది. ఏ ప్రభుత్వమూ అక్కర్లేకుండా మనుషులు ఒకరికొకరు ఎలా సాయపడతారో అందులో రాసి ఉంది. వాడు దాన్ని రొట్టెల బండి మీద కూచుని చదివేవాడు. "అరాచకం అంటే అందరూ అల్లరనుకుంటారక్కా. రాజు లేకపోవడం, అంతే. అల్లరంతా రాజులున్నచోటే" అనేవాడు. వాడు ఆ ఏడు రాసిన మొదటి పాట ఇది:

నా నెత్తిన ఎవడూ వద్దు, నా కాళ్ళ కింద ఎవడూ వద్దు,
పక్కన కూచునే చోటొకటి ఉంచు చాలు.

ఆ రెండు ముక్కల్నే గొంతు పగిలేట్టు పదహారుసార్లు అరిచేవాళ్ళం. మాకున్న శ్రోత ఒక్కత్తే, మా నానమ్మ ఫ్యోక్లా. పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూచుని దుంపలు చెక్కు తీస్తూ వినేది.

"మీరు కొత్తగా కనిపెట్టిందేం లేదర్రా" అందొకరోజు. "నా చిన్నతనంలో, అంతర్యుద్ధం రోజుల్లో, మా పల్లెకి నల్లజెండా వాళ్ళొచ్చారు, గుర్రాల మీద. ఇకమీదట ఎవరి మీదా ఎవరికీ పెత్తనం లేదు, జారు తరఫు తెల్లవాళ్ళదీ లేదు, బోల్షివిక్ ఎర్రవాళ్ళదీ లేదు అన్నారు. మా అయ్య సంతోషం పట్టలేక ఏడ్చాడు."

"తర్వాతేమైంది నానమ్మా?" అన్నాడు రోద్కా.

"తర్వాతేముంది, మా గుర్రాన్ని తోలుకుపోయారు."

వెన్కా నవ్వు ఆపుకోలేక గోడకి చేరగిలబడ్డాడు. రోద్కా మాత్రం నవ్వలేదు.

"ఏ రంగు గుర్రం?"

"గోధుమరంగుది. చూలుది కూడాను."

ఆ సాయంత్రానికల్లా పాట తయారు. జెండా ఏ రంగుదైనా పట్టుకో, మా గోధుమరంగు గుర్రాన్ని మాత్రం ఇచ్చిపో. నానమ్మ మొత్తం విని, చెక్కు తీసే చాకు పక్కన పెట్టి, "అయ్య వినుంటే బాగుండేది" అంది. రోద్కా నమ్మకం ఎలాంటిదో నాకు ఆరోజే తెలిసింది. తనకి నచ్చిన జెండా కోసమైనా సరే ఒకరి గుర్రాన్ని వదులుకోడు వాడు.

నాన్న సంగతి వేరు. ఆయన పేరు తరాస్ మిరోనొవిచ్. డీజిల్ ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఒకరోజు కరెంటు పోయి అక్కడ పని ఆపేస్తే మూడింటికే ఇంటికొచ్చాడు. మేం చూసుకోలేదు. గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని పాటయ్యేదాకా నిలబడ్డాడు.

"ఇది పాటా? తగరం డబ్బా మీద మేక ఎక్కినట్టుంది."

నేను సూట్‌కేసు బల్ల కిందకి తోశాను.

"సరేలే. ఒరేయ్ రోద్కా, నాకు తెలీకడుగుతాను. పైన ఎవడూ ఉండకూడదంటావు. ఫోర్‌మన్ లేకపోతే ఇంజను ఎవడు బిగిస్తాడ్రా?"

"ఇప్పుడైనా బిగించేది నువ్వు కాదుగా నాన్నా. నువ్వు చూస్తుంటావు."

నాన్న మొహం ఎర్రబడింది. "చూడ్డానికి ముందు ఇరవయ్యేళ్ళు బిగించాన్రా నేను" అన్నాడు. కోటు విప్పి, వచ్చి మా రేడియో ముందు గొంతుక్కూచున్నాడు. వెనక అట్ట ఊడదీశాడు, ఒక తీగ తెచ్చి వేడిగొట్టానికి చుట్టి బిగించాడు. అన్నాళ్ళూ మా పాటల వెనక గుయ్యిమంటూ వినబడిన రొద టక్కున ఆగిపోయింది.

"ఎర్తు లేదు. అందుకే అలా ఏడుస్తోంది" అని లేచాడు. "మీ మాటలు నాకు నచ్చవు. అలాగని పని అడ్డగోలుగా ఉంటే చూడలేను."

మే నెల సెలవుల్లో నాలుగురోజులు కూచుని పదకొండు పాటలు టేపు మీదకి ఎక్కించాం. పెట్టె మీద పేర్లు రాయలేదు. "పాడినవాళ్ళు మేము" అని మాత్రం రాసి ఉంటుంది. వెన్కా దాన్ని వేరే ఊళ్ళో కాలేజీ హాస్టల్లో ఉన్న ఒకడికి పంపాడు. వాడు నాలుగు కాపీలు తీశాట్ట. ఆ నాలుగూ ఎన్నయ్యాయో ఎవరికీ తెలీదు. మేం పేరైనా వినని ఊళ్ళలో ఎవరో మా వంటింటి పాటలు వింటున్నారని తెలిసి ఆ నెలంతా మాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

జూన్ రెండోవారంలో, పొద్దున్న పదకొండింటికి, రహస్య పోలీసులొచ్చారు. ఇద్దరు. ఇస్త్రీ చొక్కాలు. గుమ్మంలో బూట్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చారు. టేపులు, కాగితాల కట్ట, గిటారు, నాన్న బాగుచేసిన రేడియో, గోడ మీది కాగితంతో సహా అన్నీ జాబితా రాసుకున్నారు. నేను బడిలో ఉన్నాను. నానమ్మ వాళ్ళకి టీ ఇవ్వబోతే వద్దన్నారట. రోద్కాని తమతో రమ్మంటే వాడు బూట్లు తొడుక్కుంటూ, "నానమ్మా, దుంపలు నేనొచ్చాక చెక్కు తీస్తాలే, ఉంచు" అన్నాట్ట.

వెన్కాని అదేరోజు డిపో నుంచి తీసుకుపోయారు. పదిరోజులు తిరక్కుండా పటాలంలో చేర్చి ఎక్కడో సరిహద్దుకి రైలెక్కించారు. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు. ఎందుకు పిలవలేదో నాన్న చెబితే తెలిసింది. ఐదోరోజున ఆయన్ని ఆ పోలీసుల ఆఫీసుకి పిలిపించారు. సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పుకోవడం మర్చిపోయి, అలాగే వంటింట్లో కూచున్నాడు.

"మీ నాయకుడెవడంటే లేడన్నాట్ట. ఎన్నిసార్లడిగినా అదే మాట. డోలు బాదిందెవరంటే నేనేనన్నాట్ట. గిటారు పట్టుకుని డోలెలా బాదావురా అంటే, కాళ్ళతో బాదానన్నాట్ట." నాన్న నవ్వబోయాడు, రాలేదు. "నీ పేరు ఎక్కడా ఎత్తలేదమ్మా వాడు."

"ఇప్పుడేం చేస్తారంట?"

"రెండు దార్లున్నాయంటున్నారు. ఒకటి కేసు. మూడేళ్ళో నాలుగేళ్ళో. రెండోది, వీడికి మతి స్తిమితం లేదని ఇంట్లోవాళ్ళు ఒక కాగితం మీద ఒప్పుకుంటే ఆస్పత్రి. కేసుండదు. అప్పటికప్పుడే సంతకం పెట్టమన్నారు."

"పెట్టావా?"

"ఎందుకు పెడతాను? వాడికి పిచ్చి లేదు. పాట రాదు, అంతే. పాట రాకపోవడమే జబ్బయితే సగం ఊరు ఆస్పత్రిలో ఉండాలి."

"జైలు కదా నాన్నా."

"జైలైతే జైలు. మా ఫ్యాక్టరీలో ఇద్దరు జైలుకెళ్ళొచ్చారు, చిక్కిపోయి వచ్చారు, మనుషులుగానే వచ్చారు. ఆ రెండో చోటికి ఒకడెళ్ళొచ్చాడు. వాడికి నట్టు చేతికిస్తే దాన్నే చూస్తూ నిలబడతాడు." అప్పుడు వొంగి బూట్లు విప్పుకున్నాడు. "సంతకం పెట్టనంటే పెట్టను."

మర్నాటికల్లా ఆయన్ని ఫోర్‌మన్ పని నుంచి తీసేసి మామూలు పనివాడిగా మార్చారు. ఆ మాట నాన్న ఇంట్లో చెప్పలేదు. పక్కింటావిడ చెప్పింది.

ఆ తర్వాత మూడురోజులకి ఆ ఆస్పత్రి డాక్టరమ్మ మా బడికి వచ్చింది. ఇన్నా పెట్రోవ్నా అని, యాభై ఏళ్ళుంటాయి, మెత్తటి మనిషి. పిల్లలు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. పాటల గదిలో పెద్దవాళ్ళ కుర్చీ ఒక్కటే ఉంది, అది నాకొదిలేసి ఆవిడ పిల్లల కుర్చీలో మోకాళ్ళు పైకి పెట్టుకుని కూచుంది. పిల్లలు లేస్తారేమోనని ఇద్దరం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం.

"చూడు రిమ్మా, నువ్వు చదువుకున్నదానివి. మీ నాన్నగారిది మొండిపట్టు. మగవాళ్ళకి పరువు ముందు, పిల్లలు తర్వాత. నేనిద్దర్ని కన్నదాన్ని, నాకు తెలుసు."

"వాడికేం జబ్బు లేదండి."

"నిద్ర లేదు, నరాలు అలిసిపోయాయి. ఆరువారాలు విశ్రాంతి. తోట ఉంది, పుస్తకాలున్నాయి. లేకపోతే నాలుగేళ్ళు దొంగల మధ్య. సన్నటి కుర్రాడు. అక్కడ వాడిలాంటి వాళ్ళనేం చేస్తారో నీకు నేను చెప్పాలా?"

వాడు నా పేరు చెప్పనందుకు వాళ్ళు వాణ్ణి ఏం చేస్తున్నారో అని నాన్న చెప్పిన రాత్రి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఆవిడ కాగితం పియానో మూత మీద పెట్టింది. కలం కూడా ఆవిడదే. నా చేతిరాత బడిలో అందరికంటే బాగుంటుంది, గోడల మీద పాటలు నేనే రాస్తాను. పూర్తిపేరు రాసి, తేదీ వేశాను. ఆవిడ సిరా ఆరేదాకా ఊది మడత పెట్టుకుంది. పిల్లల్లో ఎవరో నిద్రలో దగ్గారు, వెళ్ళి దుప్పటి కప్పాను.

ఆ సాయంత్రం నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి నాకేసి చూశాడు. "తిన్నావా?" అన్నాడు. తిన్నానన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆయనకి తెలిసిందో లేదో నేనూ అడగలేదు.

ఆరువారాలన్నది జూలై దాటింది, ఆగస్టు దాటింది. బుధవారం బుధవారం ఊరిబయటి ఆస్పత్రికి బస్సులో వెళ్ళేదాన్ని. తోట నిజంగానే ఉంది. మొదటిసారి వెళ్ళినప్పుడు రోద్కా చెక్కబెంచీ మీద కూచుని ఉన్నాడు. కూచున్నా వాడి మోకాళ్ళు నిలకడగా లేవు, ఎవరో తాడుతో లాగుతున్నట్టు కదులుతున్నాయి. నేను తెచ్చిన చెర్రీపళ్ళు నోట్లో పెట్టుకోవడానికి రెండుచేతులూ కావలసొచ్చాయి.

"నాలుక నాది కాదక్కా" అన్నాడు మెల్లగా, ఒక్కో ముక్కా వెతుక్కుంటూ. "వీళ్ళ దగ్గర అప్పు తెచ్చుకున్నట్టుంది. లావుగా ఉంది."

"ఎన్ని ఇంజక్షన్లు ఇస్తున్నారు?"

"లెక్క తెలీదు. తాళం నీదేగా, నువ్వు లెక్కపెట్టు."

నవ్వాననుకుంటాను. వాడు నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడు.

"ఆ డాక్టరమ్మ మంచిదే. దాపరికం లేని మనిషి" అన్నాడు. "నీ సంగతులేంటి? చెప్పు. ఏమన్నా చెప్పు."

నేను పిల్లల గురించి చెప్పాను. నానమ్మ కళ్ళజోడు పగిలిందని చెప్పాను. వెన్కా ఉత్తరం రాశాడని చెప్పాను. వాడు అన్నీ విన్నాడు. ప్రతి బుధవారం అదే అడిగేవాడు, ఏమన్నా చెప్పక్కా అని. ప్రతి బుధవారం నేను ఏదో ఒకటి చెప్పేదాన్ని. బస్సు దిగేముందు ఈ వారం తప్పకుండా చెప్పాలనుకునేదాన్ని. వాడి చేతులు చూడగానే మనసు జారిపోయేది. ఈ స్థితిలో చెబితే తట్టుకోలేడు, ఇంటికొచ్చాక చెబుదాం అనుకున్నాను. నన్ను నేను బాగానే నమ్మించుకున్నాను.

సెప్టెంబరు మూడోవారంలో వదిలారు. మర్నాడే ఊరవతల మా చిన్న పొలంచెక్కలో దుంపలు తవ్వాలి. వద్దురా అంటే వినకుండా రోద్కా మాతో వచ్చాడు. నాన్న పలుగుతో మట్టి పెళ్ళగిస్తుంటే వాడు వెనకే వొంగి దుంపలేరాడు. బకెట్టు సగం నిండాక ఎత్తబోతే చెయ్యి వొణికి ఒలికిపోయింది. మళ్ళీ ఏరాడు, మళ్ళీ ఒలికింది. నాన్న పలుగు పక్కన పెట్టి, బకెట్టుకి రెండోవైపు పట్టుకున్నాడు. ఆ పూటంతా ప్రతి బకెట్టూ ఇద్దరూ కలిసే మోశారు.

సాయంత్రం ఇంట్లో కొత్త దుంపలు తొక్కతో ఉడకబెట్టి, సోయికూర ఆకు, వెన్న వేసుకుని నలుగురం బల్ల చుట్టూ కూచున్నాం. కిటికీలో ఇంకా వెలుతురుంది. గోడ మీద కాగితం చింపిన చోట నాలుగు జిగురు మచ్చలున్నాయి. రోద్కా తినకుండా దుంపని పళ్ళెంలో అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"ఒక సంగతి అడగాలి" అన్నాడు. నాన్నకేసి కాదు, నానమ్మకేసి కాదు, కిటికీకేసి చూస్తున్నాడనుకున్నాను. కిటికీకి అడ్డంగా నేను కూచుని ఉన్నాను. "ఆ కాగితం మీద సంతకం ఎవరు పెట్టారు?"

నా నోట్లో దుంప ముక్క ఉంది. చెప్పాలంటే దాన్ని మింగాలి. మింగుతున్నాను.

"నేనే" అన్నాడు నాన్న.

టీ పోస్తున్నాడు. నా గ్లాసు నింపి, వాడి గ్లాసు నింపి, కెటిల్ పొయ్యి మీద పెట్టాడు.

"నువ్వా?" అన్నాడు రోద్కా.

"ఊఁ. జైలంటే భయపడ్డాను. తండ్రిని కదా."

రోద్కా నాన్నని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను పళ్ళెంలోకి చూస్తున్నాను. నానమ్మకి మెల్లగా మాట్లాడితే వినబడదు, "ఏంటి, ఏమంటున్నాడు వాడు?" అని అడుగుతోంది.

"ఏం లేదు నానమ్మా. దుంపలు బాగున్నాయంటున్నా" అన్నాడు రోద్కా.

పళ్ళెం తీసుకెళ్ళి కడిగి బోర్లించాడు. రెండు చొక్కాలు సంచిలో వేసుకుని, "ట్రాం డిపో బాయిలరు గదిలో మనిషి కావాలన్నారు, అక్కడే పడుకోవచ్చట. వెళ్తాను" అన్నాడు. నాన్న వాడి వెనకే స్టాపు దాకా వెళ్ళాడు. గంట తర్వాత తిరిగొచ్చాడు. పోట్లాడుకున్నారని అనుకున్నాను. నాన్న టోపీ తగిలించి, "పాలు ఉన్నాయా?" అన్నాడు.

అంతే. మా ఇంట్లో ఆ ఎండాకాలం అలా అయిపోయింది.

తర్వాత రెండేళ్ళ పైచిలుకు రోద్కా ఇంటికి రాలేదు. పండక్కి కార్డు రాసేవాడు, అందులో నానమ్మకి ముద్దులు, నాన్నకి నమస్కారం, నాకు "రిమ్మాకి ఆరోగ్యం" అని ఉండేది. అక్కా అని రాసేవాడు కాదు. తండ్రిని కొడుక్కి కాకుండా చేశానని నన్ను నేను కొరుక్కు తింటూ బతికాను. చెప్పేస్తే వాళ్ళిద్దరూ కలుస్తారని తెలుసు. డిపో ముందు నుంచి వెళ్ళే ట్రాం ఎక్కడం మానేశాను.

ఈలోగా కాలం తిరగబడింది, ఆంక్షలు సడలాయి. ఎవరో మా టేపుని ఇంకా శుభ్రంగా కాపీ తీశారు. పార్కుల్లో కుర్రాళ్ళు గిటార్లేసుకుని గోధుమరంగు గుర్రం పాట బాహాటంగా పాడుతుంటే పక్కనే మిలిషియా పోలీసు పొద్దుతిరుగుడు గింజలు నములుతూ వింటుండేవాడు. రాసినవాడెవడో వాళ్ళకి తెలీదు. రాసినవాడు వేళ్ళు కుదరక గిటారు ముట్టుకోవడం మానేశాడని వెన్కా, పటాలం నుంచి తిరిగొచ్చాక, నాకు చెప్పాడు.

ఎనభైతొమ్మిది ఫిబ్రవరిలో, ఒక బుధవారం, నాన్న ఫ్యాక్టరీలో లేతు మిషను ముందే గుండె ఆగి కూలిపోయాడు. శుక్రవారం మట్టి చేశాం. నేల గడ్డకట్టుకుపోయి ఉంటే రాత్రంతా మంటేసి కరిగించి తవ్వారు. రోద్కా వచ్చాడు. శవపేటిక ఒకపక్క వాడు మోశాడు. చేతులు వొణకలేదు. గుప్పెడు మట్టి వేసి, నానమ్మని కావలించుకుని, నాకేసి తలాడించి వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నం నేను బాయిలరు గదికి వెళ్ళాను. కర్మకి చేసిన అట్లు ఒక గిన్నెలో కట్టి తీసుకెళ్ళాను. వాడు బొగ్గు వేస్తున్నాడు. నన్ను చూసి పార పక్కన పెట్టాడు.

"ఒరేయ్, సంతకం పెట్టింది నాన్న కాదు" అన్నాను. కూచోలేదు, కోటు విప్పలేదు, గిన్నె కింద పెట్టలేదు. "నేను. నాన్న ఒప్పుకోలేదు. అందుకే ఆయన్ని ఫోర్‌మన్‌ పని నుంచి తీసేశారు. నేనే పెట్టాను."

"తెలుసక్కా" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మొదటిరోజే డాక్టరమ్మ చూపించింది. మీవాళ్ళే ఒప్పుకున్నారు, ఇంక గొడవ చెయ్యకు అని. నీ చేతిరాత నాకు తెలీదా."

"మరి బల్ల దగ్గర ఎందుకడిగావు?"

"నువ్వు చెబుతావని."

"నాన్న నేనే అన్నప్పుడైనా..."

"స్టాపులో నాన్నకి చెప్పాను, నాకు తెలుసని. ఆయన అన్నాడు, ఒరేయ్, దాన్ని అడక్కు, దానంతటదే చెబుతుంది అని. నాకూ అదే సరైందనిపించింది. అడిగి చెప్పించుకోవడం ఆ ఆఫీసువాళ్ళ పని, మనది కాదుగా."

"అయితే నాన్నా నువ్వూ..."

"ఆదివారం ఆదివారం వచ్చేవాడు. పాలు తెచ్చేవాడు." గోడ పక్కనున్న బెంచీకేసి చెయ్యి చూపించాడు.

నాన్న ఆదివారాలు నదిలో, చలికాలమైతే మంచుకి కన్నం వేసి, చేపలు పడతానని గాలం పట్టుకుని వెళ్ళేవాడు. ఏనాడూ ఒక్క చేప తేలేదు. పడలేదమ్మా అనేవాడు. నేనెప్పుడూ ఆలోచించలేదు. వాళ్ళిద్దరి మధ్యా ఏ తగువూ లేదు. రెండేళ్ళుగా ఆ బెంచీ మీద పక్కపక్కన కూచుని పాలు తాగారు. బయట ఉండిపోయింది నేనొక్కదాన్నే.

రోద్కా నా చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు.

"రాగానే ముందు అదే అడిగేవాణ్ణి" అన్నాడు. "చెప్పిందా నాన్నా అని."

"ఏమనేవాడు?"

"ఇంకా లేదురా, చెబుతుందిలే అనేవాడు." గిన్నె మూత తీసి, అట్లకేసి చూస్తూ అలాగే నిలబడ్డాడు. "పోయిన ఆదివారం కూడా అన్నాడక్కా."